వాహనమునందు తాళముతో నడచు కరెంటు: గుర్తించు విధము

పంచాయతీకి ఒక వాహనము వచ్చిన కొలది దినములకే దానికి ఏదో యొక పరికరమును అదనముగా అమర్చవలెనను ఆలోచన సభ్యులలో కలుగుట సహజము. గ్రామసభ తేదీని, పల్స్ పోలియో దినమును, ఇంటిపన్ను గడువును చాటించుటకు మైకు సెట్టు కావలెనని ఒకరందురు. చీకటివేళ ట్యాంకరు నింపుటకు బండి వెనుక దీపము కావలెనని వేరొకరందురు. డ్రైవరు తన ఫోను ఛార్జింగునకు ఒక సాకెట్టు కోరును. తెలంగాణలోని గ్రామ పంచాయతీలకు 2019-20 ప్రాంతమున పల్లె ప్రగతి కార్యక్రమము సందర్భమున ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడిన పిమ్మట ఇట్టి కోరికలు మరింత హెచ్చినవి. పరికరమును కొనుట తేలిక. దానికి కరెంటు ఎక్కడ నుండి తీసికొనవలెనను ప్రశ్నయే చిక్కైనది. ఆ ప్రశ్నకు మాత్రము సమావేశపు అజెండాలో చోటుండదు. "వైరింగు ఖర్చు" అను ఒక్క మాటతో అది బిల్లులో కలిసిపోవును.

సాధారణముగా జరుగునదేమనగా, ఎలక్ట్రీషియను రెండు తీగలను తెచ్చి బ్యాటరీ రెండు మొనలకు బిగించి పని ముగించును. మైకు పలుకును, దీపము వెలుగును. చూచువారికి లోపమేదియు కనబడదు. లోపము మరునాటి ఉదయమున బయటపడును. రాత్రి మైకు మీట ఆపుట ఎవరో మరచినారు, తెల్లవారుసరికి బ్యాటరీ ఒట్టిపోయినది, సెల్ఫు తిరుగదు, ట్రాక్టరు కదలదు. వేసవిలో బోరు ఎండిన వాడకు ట్యాంకరు నీరే ఆధారమైనపుడు, ఆ ఉదయము బిందెలతో నిలుచున్న స్త్రీలకు కారణమేమని చెప్పగలము?

ఇంతకంటె పెద్ద అపాయము మరియొకటి కలదు. ఫ్యూజు లేకుండ బ్యాటరీ నుండి నేరుగా తెచ్చిన తీగ, రేకు అంచున ఒరసికొని ఒరసికొని పైతొడుగు తెగినచో, లోని రాగి బండి శరీరమును తాకును. అంతట తీగ క్షణములలో ఎర్రగా కాలి, దాని చెంతనున్న రబ్బరును, నూనె మడ్డిని అంటించును. పండ్రెండు వోల్టులు మనిషికి షాకు కొట్టదు కావున అది నిరపాయమని పలువురు తలంతురు. ఇది సరికాదు. సెల్ఫు మోటారును త్రిప్పునపుడు అదే బ్యాటరీ వందలకొలది ఆంపియర్ల కరెంటును ఇచ్చును. ఆ బలమంతయు ఒక సన్నని తీగలోనికి పోయినపుడు అగ్ని తప్పదు.

పంచాయతీ సభ్యులు ఎలక్ట్రీషియన్లు కానక్కరలేదు. కాని అమర్చిన పరికరము తాళముతో పాటు వెలిగి తాళముతో పాటు ఆరుచున్నదా, దానికి వేరుగా ఫ్యూజు ఉన్నదా అను రెండు సంగతులను వారు స్వయముగా పరీక్షించి తెలిసికొనగలరు. అందులకు ఒక చిన్న బల్బు, పావుగంట కాలము చాలును.

రెండు విధములైన కరెంటు

కారైనను, జీపైనను, ట్రాక్టరైనను వాటి విద్యుత్ వ్యవస్థ మూలసూత్రము ఒక్కటియే. బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ, బండి ఆగియున్నపుడు, సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను తిరుగునపుడు ఆల్టర్నేటరు, అనగా మన డ్రైవర్లు నేటికిని డైనమో అని పిలుచు యంత్రము, దానిని సుమారు 14 వోల్టులతో తిరిగి నింపుచుండును. బ్యాటరీ ప్లస్ మొన నుండి కరెంటు తీగల ద్వారా దీపములకు, మోటార్లకు పోవును. తిరిగివచ్చుటకు వేరు తీగ అక్కరలేదు. బండి ఇనుప శరీరమే తిరుగు మార్గము. మైనస్ మొన ఆ శరీరమునకు బిగింపబడి యుండును. దీనినే బాడీ ఎర్తు అందురు.

ఇక ప్లస్ వైపున కరెంటు రెండు పాయలుగా చీలును. మీ ఊరి నీటి ట్యాంకు నుండి దిగు గొట్టమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. గేటు వాల్వునకు పైన గొట్టమునకు కుళాయి పెట్టినచో అందు ఎల్లవేళల నీరుండును. వాల్వు దాటిన తరువాత పెట్టిన కుళాయిలో, వాల్వు త్రిప్పినపుడు మాత్రమే నీరు వచ్చును. వాహనమునందు తాళపు స్విచ్చియే ఆ గేటు వాల్వు. స్విచ్చికి ముందున్న కరెంటును పనివారు "డైరెక్టు" అందురు. స్విచ్చి దాటి వచ్చు దానిని ఇగ్నిషను కరెంటు అనియు, కీ కరెంటు అనియు అందురు. మనము వెదకవలసినది ఈ రెండవది.

తాళపు స్విచ్చిలో సాధారణముగా నాలుగు స్థానములుండును. మొదటిది ఆపిన స్థానము. రెండవది కార్లలో రేడియో వంటి వాటి కొరకు ఏర్పడినది. ఇందు ఇంజనుకు కరెంటు పోదు. మూడవది ఆను స్థానము. మీటర్లు, హెచ్చరిక దీపములు వెలిగి బండి నడచుటకు సిద్ధమగును. నాలుగవది సెల్ఫు త్రిప్పు స్థానము. చేయి వదలినంతనే తాళము మూడవ స్థానమునకు తిరిగివచ్చును. కార్లలో ఈ నాలుగవ స్థానమున రేడియో, ఫ్యాను వంటి వాటి కరెంటు కొద్ది క్షణములు తెగిపోవును. బ్యాటరీ బలమంతయు సెల్ఫునకే దక్కవలెనని అట్లు ఏర్పాటు చేసినారు. కావున పరీక్షించునపుడు బల్బు క్షణకాలము ఆరి తిరిగి వెలిగినచో కంగారు పడరాదు. మైకు సెట్టుకు అట్టి కరెంటే మేలు, ఏలనగా సెల్ఫు తిరుగునపుడు వోల్టేజి పడిపోయి పైకెగయు ఒడుదుడుకులు దానికి తగులవు.

ఈ స్థానములకు, తీగలకు జర్మనీ దేశపు ప్రమాణము ననుసరించి కొన్ని అంకెలు వాడుకలో నున్నవి. రిలేల మీదను, కొన్ని స్విచ్చిల మీదను ఆ అంకెలు అచ్చువేయబడి మన దేశపు బండ్లలోను కానవచ్చును. ఎల్లవేళల నుండు ప్లస్ కరెంటు 30. తాళము ఆను చేసినపుడు వచ్చునది 15. సెల్ఫునకు పోవునది 50. బాడీ ఎర్తు 31. వీనిలో 30, 15 అను రెండంకెలను గుర్తుంచుకొన్నచో ఎలక్ట్రీషియనుతో మాటలాడునపుడు చాల సదుపాయముగా నుండును. "ఇది ముప్పదియా, పదునైదా?" అని అడిగిన సభ్యునికి అతడు జాగ్రత్తగా సమాధానము చెప్పును.

డైరెక్టు కరెంటు తప్పని చెప్పుట మన ఉద్దేశము కాదు. బండి దారిలో చెడిపోయి తాళము తీసివేసినను నాలుగు మూలల దీపములు మినుకుమినుకుమని ఆరి వెలుగుచుండవలెను. అవి డైరెక్టుగానే యుండును. కారు లోపలి దీపము, గడియారము అట్టివే. బండి జాడ తెలుపు జి.పి.ఎస్. పరికరమునకు డైరెక్టు కరెంటు ఒకటి, తాళపు కరెంటు ఒకటి రెండును అవసరము. మొదటిదానితో అది మేలుకొని యుండును, రెండవదానితో బండి నడపుచున్నారా లేదా యని తెలిసికొనును. మనుష్యుడు ఆపుట మరచిపోగల పరికరములన్నియు, అనగా మైకు, పనిదీపము, ఫ్యాను, ఛార్జరు, తాళము వెంట నుండుట క్షేమము.

బ్యాటరీ లెక్క

చిన్న కారు బ్యాటరీ సామర్థ్యము సాధారణముగా 35 ఆంపియర్-గంటలు. అనగా గంటకు ఒక ఆంపియరు చొప్పున వాడినచో లెక్కకు 35 గంటలు వచ్చును. ఒక పరికరము ఎన్ని ఆంపియర్లు తీసికొనునో తెలియుటకు దాని వాట్లను 12 చేత భాగించవలెను. 55 వాట్ల పనిదీపములు రెండు వెలిగినచో 110 వాట్లు, అనగా తొమ్మిది ఆంపియర్లకు పైగా. నాలుగు గంటలు గడవకమునుపే కారు బ్యాటరీ ఖాళీ యగును. సెల్ఫు త్రిప్పు శక్తి దానికి అంతకు ఎంతో ముందే నశించును. 80 ఆంపియర్-గంటల ట్రాక్టరు బ్యాటరీ యైనను నాలుగున్నర గంటలలో సగమునకు వచ్చును. సాయంకాలము ఏడు గంటలకు మరచిన దీపము అర్ధరాత్రికే పని ముగించునని దీని తాత్పర్యము.

ఎవరును మాటలాడకున్నను ఆను చేసియున్న మైకు ఆంప్లిఫయరు కొంత కరెంటు త్రాగుచునే యుండును. ఒక్క ఆంపియరు చొప్పున అనుకొన్నను రాత్రి పండ్రెండు గంటలలో పండ్రెండు ఆంపియర్-గంటలు పోవును. పాతబడిన బ్యాటరీకి అది చాలును. పైగా సీసపు బ్యాటరీని పూర్తిగా ఒట్టిపోనిచ్చినచో లోని పలకలపై గట్టి పొర యేర్పడి, తిరిగి ఛార్జి చేసినను పూర్వపు బలము రాదు. ఇట్లు నాలుగైదు పర్యాయములు జరిగిన బ్యాటరీని మార్చుట తప్పదు. ఆ ఖర్చు పంచాయతీ నిధి నుండియే పోవలెను.

ఒకప్పుడు 16 మిల్లీమీటర్ల సినిమా ప్రొజెక్టరుతో గ్రామములకు వచ్చిన ప్రచార వాహనములు తమ వెంట ప్రత్యేకముగా జనరేటరును తెచ్చుకొనుటకు కారణము ఇదియే. ప్రొజెక్టరు భారము బండి బ్యాటరీ మోయదగినది కాదు.

ట్రాక్టరు విషయములో ఒక విశేషము

పెట్రోలు కారులో తాళము త్రిప్పినచో ఇంజను ఆగును. పాత పద్ధతి డీజిలు ట్రాక్టర్లలో అట్లు కాదు. ఇంజను నాపుటకు ప్రత్యేకముగా లాగెడు పిడి యుండును. దానిని లాగినపుడు డీజిలు ఆగి ఇంజను నిలుచును. తాళముతో దానికి సంబంధము లేదు. డ్రైవరు పిడి లాగి, ఇంజను శబ్దము ఆగినదని దిగి యింటికి పోవును. తాళము మాత్రము ఆనులోనే యుండును. ఇట్టి ట్రాక్టరునకు మైకును తాళపు కరెంటుకు కలిపినను రాత్రియంతయు కరెంటు పోవుచునే యుండును.

దీనికి రెండు ఉపాయములు కలవు. మొదటిది మనుష్యులకు సంబంధించినది: పని ముగిసిన వెంటనే తాళముచెవిని తీసి పంచాయతీ కార్యాలయములో అప్పగించి, లాగు బుక్కులో వేళ వ్రాయవలెనని నియమము చేయుట. తాళముచెవి బండిలో లేనపుడు తాళము ఆనులో నుండజాలదు. ఖర్చు లేని ఈ ఉపాయమే మా అభిప్రాయమున శ్రేష్ఠము. రెండవది యంత్రమునకు సంబంధించినది. అనేక ఆల్టర్నేటర్లపై ఛార్జింగు హెచ్చరిక దీపమునకు పోవు చిన్న మొన యొకటి యుండును. దానిపై "డి ప్లస్" అని యో 61 అని యో గుర్తుండును. ఇంజను తిరుగునపుడే దానియందు నిండు వోల్టేజి వచ్చును. రిలేను ఆ మొనతో పనిచేయించినచో, తాళము మరచినను ఇంజను ఆగినంతనే మైకు ఆగును. కాని ఆ మొన నుండి రిలేకు చాలినంత స్వల్ప కరెంటు తప్ప అంతకు మించి తీయరాదు. ఇది అనుభవజ్ఞుడైన పనివాడు చేయదగిన పని.

బల్బుతో పరీక్ష

నంబరు ప్లేటుకు వాడు 12 వోల్టుల, 5 వాట్ల చిన్న బల్బు నొకదానిని హోల్డరుతో తీసికొని, దానికి రెండు తీగలు కలిపి, ఒకదాని కొనకు క్లిప్పును, రెండవదానికి సన్నని మొనగల సూదిని అమర్చినచో టెస్టు బల్బు సిద్ధమగును. పిడితో సహా తయారైనది స్పేరు పార్టుల అంగళ్ళలో దొరకును. మల్టీమీటరు కూడ మంచిదే. వోల్టులను అంకెలలో చూపును. అయితే మీటరు అతి స్వల్ప కరెంటుతోనే పనిచేయును గనుక, తుప్పు పట్టి సగము తెగిన తీగలో కూడ 12 వోల్టులు చూపి మోసగించును. బల్బు వెలుగుటకు నిజముగా కరెంటు పారవలెను. అందుచేత పల్లెటూరి పనికి బల్బుకే మా ఓటు.

మొదట క్లిప్పును బండి శరీరములో రంగు లేని శుభ్రమైన బోల్టుకు తగిలించి, సూదిని బ్యాటరీ ప్లస్ మొనకు ఆనించి చూడవలెను. బల్బు ప్రకాశముగా వెలిగినచో ఎర్తు బాగున్నదని, బల్బు బాగున్నదని రూఢి యగును. ఈ మొదటి మెట్టు విడిచిపెట్టి, ఎర్తు కుదరని క్లిప్పుతో అరగంట వెదకి, బండిలో కరెంటే లేదని తీర్మానించువారు కలరు.

తరువాత ఫ్యూజు డబ్బా తెరువవలెను. కార్లలో ఒకటి స్టీరింగు క్రిందనో ప్రక్కనో, మరియొకటి ఇంజను చెంతనో యుండును. ఏ ఫ్యూజు దేనికో మూతలోపల గాని, బండితో వచ్చిన పుస్తకములో గాని చూపబడి యుండును. ఇప్పటి ఫ్యూజులు రంగు ప్లాస్టికు బిళ్ళలవలె నుండి, రెండు కాళ్ళు కలిగి యుండును. బిళ్ళ నెత్తిమీద రెండు చిన్న లోహపు చుక్కలు పైకి కనబడును. సూదిని అక్కడ తాకించుటకే అవి ఏర్పడినవి. ఫ్యూజును ఊడదీయ నక్కరలేదు, తీగను గుచ్చ నక్కరలేదు.

తాళము ఆపియుంచి ఒక్కొక్క ఫ్యూజు నెత్తిని తాకుచు పోవలెను. బల్బు వెలిగినవి డైరెక్టు, వానిని విడిచివేయవలెను. వెలుగని వానిని కాగితముపై గుర్తు పెట్టుకొని, తాళము ఆను చేసి తిరిగి తాకవలెను. ఇప్పుడు వెలిగినవి మనకు కావలసినవి. ఒక చుక్క యొద్ద వెలిగి రెండవ చుక్క యొద్ద వెలుగకున్నచో ఆ ఫ్యూజు కాలిపోయినదని అర్థము. అనుకొనని లాభముగా మరియొక లోపము దొరకినట్లే.

ఇంతటితో ఆగరాదు. కొత్త కార్లలో తాళము తీసిన తరువాత కూడ కొన్ని మార్గములలో కొంతసేపు కరెంటు నిలిచియుండును. తలుపు తెరచినపుడో, కొన్ని నిమిషములు గడచినపుడో అది తెగును. కావున తాళము ఆపి, తలుపులు మూసి, పదునైదు నిమిషములు వేచి తిరిగి చూడవలెను. అప్పటికి బల్బు వెలుగనిచో ఆ స్థానము నమ్మదగినది. బండిలోనే యున్న ఛార్జింగు సాకెట్టు విషయములో కూడ ఊహించరాదు. కొన్ని బండ్లలో అది తాళముతో నడచును, కొన్నింటిలో ఎల్లవేళల నుండును.

దొరకిన ఫ్యూజులన్నియు వాడదగినవి కావు. ఇంజను కంప్యూటరు, పెట్రోలు పంపు, బ్రేకుల ఎలక్ట్రానిక్ వ్యవస్థ, ఎయిరు బ్యాగు వీని ఫ్యూజుల జోలికి పోనేరాదు. సాకెట్టు, రేడియో, వెనుక అద్దపు వైపరు వంటి అప్రధానమైన వాటి నుండియే తీసికొనవలెను. ఎయిరు బ్యాగు తీగలు సాధారణముగా పసుపు పచ్చని తొడుగులలో నుండును. టెస్టు బల్బును వాని దరికి చేర్చుట ప్రాణాపాయము.

తీగ రంగును బట్టి తీర్మానించుట మన పనివారికి గల ఒక దురభ్యాసము. పాత బ్రిటిషు పద్ధతిలో గోధుమరంగు తీగ డైరెక్టు ప్లస్ కరెంటు, నలుపు ఎర్తు. జర్మను పద్ధతిలో గోధుమరంగు ఎర్తు, ఎరుపు డైరెక్టు, నలుపు తాళపు కరెంటు. ఒక బండిలో ఎర్తు అయిన రంగు వేరొక బండిలో నేరుగా బ్యాటరీ కరెంటు! రంగు చూచి తీగ కోసినవాడు ఏ నాటికైన మెరుపు చూచును. బల్బు చెప్పిన మాటయే ప్రమాణము.

కరెంటు తీసికొను పద్ధతి

చిన్న భారమైనచో, అనగా ఫోను ఛార్జరు వంటి దానికి, ఫ్యూజు టాపు అను చిన్న పరికరము చాలును. పాత ఫ్యూజును తీసి ఆ స్థానమున దీనిని దూర్చినచో, పాత దానికొక ఇల్లు, కొత్త దానికొక ఇల్లు ఏర్పడును. ఒక్క తీగయు తెగదు. ఒక్క మెలకువ కలదు: పాత ఫ్యూజు తీసినపుడు ఖాళీ యైన రెండు రంధ్రములలో కరెంటు వచ్చునది ఒకటియే, బల్బుతో దానిని గుర్తించి, రెండు ఫ్యూజులకు ఉమ్మడిగానున్న కాలు ఆ వైపునకు వచ్చునట్లు అమర్చవలెను. తలక్రిందులైనచో కొత్త భారము కూడ పాత ఫ్యూజు గుండానే పోయి దానిని కాల్చును.

మైకు సెట్టు, పనిదీపములు ఇట్లు పెట్టదగినవి కావు. తాళపు స్విచ్చి లోపలి రాగి బిళ్ళలు కొంత భారము మోయుటకే చేయబడినవి. అదనముగా తొమ్మిది, పది ఆంపియర్లు దాని గుండా పంపినచో అది వేడెక్కి కాలును. ఒకనాడు బండి అసలే స్టార్టు కాదు. దీనికి తగిన సాధనము రిలే. తాళపు కరెంటు కేవలము సైగ చేయును. అసలు భారమును రిలే బ్యాటరీ నుండి తెచ్చి యిచ్చును. రిలే తీగచుట్ట తీసికొను కరెంటు సాధారణముగా ఆంపియరులో అయిదవ వంతుకు మించదు.

రిలే క్రింద 30, 87, 85, 86 అను అంకెలు గల నాలుగు కాళ్ళుండును. బ్యాటరీ ప్లస్ నుండి వచ్చు తీగ 30కి, మైకునకు పోవు తీగ 87కి, మనము బల్బుతో గుర్తించిన తాళపు కరెంటు 86కి, బాడీ ఎర్తు 85కి కలుపవలెను. బ్యాటరీ నుండి 30కి వచ్చు తీగపై, బ్యాటరీకి జానెడు దూరము లోపలనే, ఫ్యూజు ఉండి తీరవలెను. ఫ్యూజు దూరమున నున్నచో బ్యాటరీకి, ఫ్యూజునకు నడుమ నున్న తీగకు రక్షణ యుండదు. ఫ్యూజు కాపాడునది మైకును కాదు, తీగను. అందుచేత తీగ లావును బట్టి ఫ్యూజును నిర్ణయింపవలెను. మైకు సెట్టునకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోవును. ఫ్యూజు బిళ్ళల రంగులు లోకమంతట నొక్కటియే: ఎరుపు 10 ఆంపియర్లు, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30. నీలము కాలిపోయినదని ఆకుపచ్చ పెట్టువాడును, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము చుట్టువాడును బండిని తగులబెట్టుటకు సిద్ధపడినట్లే. పెట్టిన ఫ్యూజు మాటిమాటికి కాలుచున్నచో తీగ ఎక్కడనో శరీరమును తాకుచున్నదని తెలిసి దానిని వెదకవలెను.

పని ప్రారంభించుటకు మునుపు బ్యాటరీ మైనస్ మొనను మొదట విప్పవలెను. పని ముగిసిన తరువాత చివర బిగింపవలెను. ప్లస్ ముందు విప్పినచో, పానా జారి ఇనుప శరీరమును తాకునపుడు నిప్పురవ్వలు లేచును. బ్యాటరీ చెంత మండు స్వభావము గల హైడ్రోజను వాయువుండుట చేత అది పేలవచ్చును. చేతి ఉంగరము, గడియారము తీసి పెట్టవలెను. తీగ రేకు రంధ్రము గుండా పోవు చోట రబ్బరు గ్రోమెట్టు లేనిచో ఏడాది తిరుగకముందే తొడుగు తెగును. సైలెన్సరునకు దూరముగా తీగను నడిపింపవలెను. రెండు తీగల కొనలను మెలివేసి టేపు చుట్టుట పనియే కాదు. ట్రాక్టరు అదురునకు అది ఊడిపోవును. టంకము గాని, నొక్కి బిగించు లగ్గులు గాని ఉండవలెను.

లారీలలో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేయబడును. బ్యాటరీతో నడచు చెత్త ఆటోలలో నాలుగు బ్యాటరీలు కలిపి 48 వోల్టులు చేయబడినవి కలవు. ఇట్టి వాటిలో 12 వోల్టుల పరికరమునకై ఒక్క బ్యాటరీ నుండి మాత్రము తీగ లాగినచో ఆ యొక్కటి ముందుగా క్షీణించి, తక్కిన వానిని కూడ చెరచును. తగిన కన్వర్టరు వాడవలెను.

బిల్లు మంజూరు చేయుటకు మునుపు

బండి వారంటీలో నున్నచో తీగలు కోయించుట తగదు. కంపెనీ డీలరు యొద్దనే చేయించి రశీదు తీసికొనవలెను. లేనిచో రేపు వేరొక లోపమునకు కూడ ఈ వైరింగునే సాకుగా చూపుదురు. మైకు విషయములో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు కూడ గుర్తుంచుకొనవలెను. ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను, రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు మైకు వాడరాదు.

పని ముగిసినదని ఎలక్ట్రీషియను చెప్పిన వెంటనే సంతకము చేయక, సభ్యులలో ఒకరిద్దరు డ్రైవరుతో కూడ బండి యొద్దకు పోవలెను. మైకు మీటను ఆనులో నుంచి తాళము ఆపి చూడవలెను. మైకు దీపము ఆరవలెను. తాళము ఆను చేసినచో తిరిగి వెలుగవలెను. పదునైదు నిమిషములు ఆగి, తాళము లేకుండ, మైకునకు పోవు తీగ మొనను టెస్టు బల్బుతో తాకి చూడవలెను. తరువాత "కొత్త ఫ్యూజు చూపుము" అని అడుగవలెను. అతడు దానిని చూపి, చేతితో ఊడదీసినపుడు మైకు ఆగి, తక్కిన బండి యంతయు యథాప్రకారము పనిచేయవలెను. చూపలేకపోయినచో ఫ్యూజు లేదనియే భావింపవలెను. అది అమర్చు వరకు బిల్లు ఆపియుంచుట సభ్యుల హక్కు.

అటు పిమ్మట ఒక చిన్న కాగితముపై కొత్త ఫ్యూజు ఎక్కడ నున్నది, ఎన్ని ఆంపియర్లది, రిలే ఎక్కడ నున్నది, తాళపు కరెంటు ఏ ఫ్యూజు నుండి తీసికొనబడినది, పని జరిగిన తేదీ యేది అను సంగతులు వ్రాయించి, ఒక ప్రతిని లాగు బుక్కులో అంటించి, మరియొకదానిని ప్లాస్టికు కవరులో పెట్టి ఫ్యూజు డబ్బా మూతలోపల ఉంచవలెను. అదే సైజు ఫ్యూజులు రెండు ఆ కవరులోనే వేసియుంచినచో, దారిలో నిలిచిపోయిన డ్రైవరునకు వెండి కాగితము వెదకు అవసరము కలుగదు.